కొనేముందు కృపానందం

చందానగర్ మార్కెట్లో ద్రాక్షపళ్ల బండివాళ్లకు కృపానందాన్ని చూస్తే హడలు. పులుపో తీపో తేల్చుకోవడానికి గుత్తి పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి నోట్లో వేసుకుంటాడు. అనుమానం తీరక పక్క గుత్తి మీద పడతాడు. చివరికి కడుపు నిండి, కొనకుండానే వచ్చేస్తాడు. పెళ్లిచూపులకు కూడా నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ కాఫీ తాగి వెళ్లాడని భార్య రాహేలు ఇప్పటికీ దెప్పుతుంది.

మాదాపూర్‌లోని మా ఆఫీసులో అతను టెస్టర్. అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. జీతమిచ్చి మరీ వంకలు పెట్టమంటే అంతకంటే ఏం కావాలి ఆ మనిషికి.

పక్క సీటు మొగిలిది. మొగిలిది జనగామ దగ్గర పల్లె, కృపానందానిది తెనాలి. రెండు వేల పదకొండు అది. ఆఫీసులో తెలంగాణ గురించి ఎవరూ మాట్లాడకూడదని పైవాళ్లు హెచ్చరించారు కాబట్టి అందరూ క్యాంటీన్‌లో మాట్లాడేవాళ్లు.

“ఇస్తే లాభమో నష్టమో ముందు తేల్చుకోవాలి కదా మొగిలీ,” అనేవాడు కృపానందం.

“రాష్ట్రమేమన్న ద్రాక్షపండా అన్నా, రుచి చూసి చెప్పెతందుకు?” అనేవాడు మొగిలి.

అక్కడితో ఆపి ఇద్దరూ తమ ఆట గురించి మాట్లాడుకునేవారు. మనమే వీరుడి వేషం కట్టి, ఊళ్లు తిరిగి, రాక్షసుల్ని కొట్టి బలం పెంచుకునే కంప్యూటర్ ఆట. ఆదివారం చర్చి అయ్యాక కృపానందం ఇంట్లో రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చునేవారు. అందులో కృపానందం విలుకాడు, మొగిలి వైద్యుడు. ఒకరిని వదిలి ఇంకొకరు కొత్త చోట అడుగుపెట్టకూడదన్నది వాళ్ల కట్టుబాటు.

ఆ సెప్టెంబరులో ఆటకు అదనపు భాగం వచ్చింది. మంచుకొండల అవతల కొత్త దేశం. మొగిలి వెనకాముందూ చూడకుండా కొనేశాడు. ఇద్దరూ కలిసి వెళ్లాలంటే కృపానందం కూడా కొనాలి. లేదంటే మొగిలి ఒంటరిగా వెళ్లాలి.

“పాత రాక్షసులకే కొత్త రంగులేసి అమ్ముతారు. కొనదగిందో లేదో ఒక్కసారి చూడనీ,” అన్నాడు కృపానందం.

అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. మొగిలి వాళ్ల ఊళ్లో జనమంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. ఒక్కరోజుకని బయల్దేరుతూ మొగిలి తను కొన్న కొత్త భాగం డిస్కు కృపానందానికి ఇచ్చి వెళ్లాడు.

“కొత్త దేశం మొదట్ల ఉన్న కోట తలుపు దాకనే చూడు అన్నా. లోపలికి పోకు. ఇద్దరం కలిసి పోదాం.”

బస్సులు ఆగిపోయాయి, రైళ్లూ ఆగిపోయాయి. మొగిలి ఊళ్లోనే ఉండిపోయాడు. బంద్ అని ఆఫీసు మూశారు. ఇంట్లో కృపానందం కోట తలుపు దాకా వెళ్లాడు. తలుపు చక్కగా తెరుచుకుంది. తెరుచుకున్న తలుపు సరిగా మూసుకుంటుందో లేదో చూడటం టెస్టర్ ధర్మం. అది లోపలినుంచే చూడాలి.

ఆ తర్వాత ఇంకేం ఆగుతాడు. మొగిలి తిరిగొచ్చేలోగా కొత్త దేశమంతా కలియదిరిగి, చివరి రాక్షసుణ్ణి కూడా కూల్చి, “పర్లేదు, కొనొచ్చు,” అని తీర్పిచ్చాడు.

“బండివాడైతే ఇంకో గుత్తి తెచ్చుకుంటాడు,” అంది రాహేలు. “మొగిలికి మీరేం తెచ్చిస్తారండి?”

ఆ మాట గుచ్చుకుంది. కృపానందం తను ఆడిందంతా చెరిపేసి, సొంతానికి ఒక డిస్కు కొనుక్కొచ్చాడు.

మొగిలి ఎండకు నల్లబడి తిరిగొచ్చాడు. ఆదివారం ఇద్దరూ కూర్చున్నారు.

“తలుపు దాక చూసినవా అన్నా?”

“చూశాను. బాగుంది. కొన్నాను,” అన్నాడు కృపానందం. ఒక్క ముక్కా అబద్ధం లేదు, చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

ఇద్దరూ తలుపు దాటారు. ఎప్పుడూ ప్రతి మూలా మూడుసార్లు తడిమే విలుకాడు, ఈసారి నేరుగా వెళ్లి రాయి కింద దాచిన తాళంచెవి తీశాడు. పక్కన మొగిలి చేతులు ఆగిపోయాయి. తిట్టినా బాగుండేదనిపించింది కృపానందానికి.

ముందు చెక్కవంతెన ఉంది. కృపానందం తనే ముందు ఎక్కాడు. మధ్య పలక విరిగి విలుకాడు లోయలో పడ్డాడు.

“గది ఇరుగుతదని నీకెరుకనా అన్నా?”

“తెలుసు.”

“మరెందుకెక్కినవ్?”

“నువ్వు చూడలేదు కదా. నీ బదులు నేను పడదామని.”

మొగిలి తన వైద్యుణ్ణి లోయలోకి దింపి, మందు పోసి విలుకాణ్ణి లేపాడు.

“ఇగ నేను ముందల నడుస్త. నువ్వు ఎనక రా. ఏడ ఏముందో మాత్రం చెప్పకు.”

“పడతావు మొగిలీ.”

“పడితే పడుత. గా దేశం నేనే చూడాలె.”

ఆ మధ్యాహ్నం మొగిలి పదేపదే పడ్డాడు, పడ్డ ప్రతిసారీ నవ్వుకుంటూ లేచాడు. తప్పులు చెప్పడానికే జీతం తీసుకునే కృపానందం, ప్రతి గొయ్యి దగ్గరా పెదవి కొరుక్కుని, నోరు మూసుకుని వెనకే నడిచాడు.