ఎవరి మనిషో

కల్వకుర్తి దగ్గరి మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే మైసమ్మకు బాప్తిస్మమిచ్చేటప్పుడు పాస్టరు, అది గ్రామదేవత పేరని, మార్చుకోమన్నాడు. "మా అమ్మ పెట్టిన పేరయ్యా, ఉండనియ్యి" అందామె. ఆ బడిలో పంతులుగా పదకొండేళ్లు ఆమె చేతి వంట తిన్నవాణ్ని కాబట్టి, ఇవన్నీ ఆమె నోటనే విన్నాను.

భర్త ఇస్రాయేలు ఏటా దసరా కాగానే పైపులైను తవ్వకాలకు మహారాష్ట్ర వెళ్లి, ఎండాకాలం చివర తిరిగొచ్చేవాడు. 2018లో రాలేదు. తిరుగు ప్రయాణంలో మహారాష్ట్రలోనే ఒక స్టేషన్లో నీళ్లకని దిగాడు. బండి కదిలింది. అతను ఎక్కలేదు. తోటి కూలీలు చెప్పగలిగింది అంతే. ఫోను, సంచి బండిలోనే ఉండిపోయాయి.

పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు. మైసమ్మ రెండుసార్లు ఆ స్టేషన్‌కు వెళ్లి, చాయ్ అమ్మేవాళ్లకు, హమాలీలకు ఫొటో చూపించింది. ఆమెకు అక్కడి భాష రాదు. ఎనిమిదో తరగతి చదివే కూతురు స్వర్ణ వచ్చీరాని హిందీలో అడిగేది.

ఇంట్లో అత్త సోమమ్మ మంచం పట్టింది. "వాడు పోయిండనుకో బిడ్డా. చేసేది చేసి ఏడ్చి ఊకుందాం. గిట్ల ఎన్నొద్దులు?" అంది ఒకరోజు.

"సచ్చిండని నాకెవరు చెప్పిన్రు అత్తా?"

మైసమ్మ శుక్రవారాలు ఉపవాసముండి, భర్తను ఇంటికి తోలియ్యమని ప్రార్థించింది. తర్వాత చర్చికి వెళ్లడమే మానేసింది. జ్వరం తగ్గిందని ఒకరు, బోరు పడిందని ఒకరు లేచి సాక్ష్యం చెబుతుంటే అక్కడ కూర్చోలేకపోయింది. పాస్టరు కమలాకర్ ఇంటికొచ్చాడు. "ఆయన ఎందుకు వస్తలేడో నాకు తెల్వదమ్మా. తెలుసంటే అబద్ధమైతది" అన్నాడు. పొయ్యి ముందు పీట మీద కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ తాగి వెళ్లాడు.

మరుసటేడు వానాకాలంలో పోలీసులు ఫోన్ చేశారు. పట్టాల పక్కన శవం దొరికింది, చేతి మీద సిలువ పచ్చబొట్టుంది, వచ్చి చూసుకోమన్నారు. ఇస్రాయేలు చేతి మీదా సిలువ ఉంది. కమలాకర్‌ను వెంటబెట్టుకుని ఆమె మహబూబ్‌నగర్ దవాఖానకు వెళ్లింది.

ముఖం ఉబ్బిపోయి గుర్తుపట్టేలా లేదు. మైసమ్మ ఎడమచెయ్యి చూపించమంది. ఇస్రాయేలు చిటికెనవేలు ఎప్పుడో యంత్రంలో సగం తెగిపోయింది. ఈ మనిషికి ఐదువేళ్లూ పూర్తిగా ఉన్నాయి.

"కాదు" అంది. మొదట సంతోషమేసింది, వెంటనే సిగ్గేసింది. తర్వాత శవాల గదిలో పనిచేసే అతన్ని అడిగింది.

"గీయన్ని ఏం చేస్తరు?"

"ఎవలు రాకుంటే మూడొద్దులకు మున్సిపాలిటోళ్లు బొంద పెడ్తరమ్మా."

"ప్రార్థన ఎవరన్న చేస్తరా?"

అతను శవం మీద గుడ్డ కప్పాడు.

మూడో రోజు కమలాకర్‌తో మళ్లీ బస్సెక్కింది. శ్మశానంలో వాన ముసురు. ఇద్దరు కార్మికులు గుంత తవ్వి, శవాన్ని దించారు. మన్ను పోయబోతుంటే మైసమ్మ జర ఆగమంది. పాస్టరు నోరు తెరిచేలోపే ఆమే మొదలుపెట్టింది.

"ప్రభువా, ఈయన ఎవరి మనిషో నాకు తెల్వదు. నీకు తెలుసు. ఈయన ఇంట్ల ఎవరో తొవ్వ జూస్తున్నరు. వాళ్లను జూసుకో." కొంగు నెత్తి మీదికి లాక్కుని, "మా ఆయన ఏడున్నడో గూడ నీకే తెలుసు" అంది. కార్మికుల్లో ఒకతను తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆమె పిడికెడు మన్ను వేసింది.

తిరుగు బస్సులో కమలాకర్ లేపేదాకా నిద్రపోయింది. ఏడాదిగా అంత నిద్ర ఎరగదు. "ఆయన ఏడున్నా ఒక్కడే లేడని గా దినం నమ్మకమైంది సార్. అట్లని ఏడుపు ఆగలే" అని నాతో చెప్పింది. ఆ ఆదివారం నుంచి మళ్లీ చర్చికి వెళ్లింది. తోలియ్యమని మాత్రం మళ్లీ అడగలేదు.

కరోనా రెండో ఏడాది సోమమ్మ కొడుకును పిలుచుకుంటూనే పోయింది. పోలీసులు ఇంకో రెండుసార్లు పిలిచారు. ఇద్దరూ ఇస్రాయేలు కారు. ఇద్దరినీ పూడ్చేదాకా మైసమ్మ అక్కడే ఉంది.

మొన్న స్వర్ణను నర్సింగులో చేర్చడానికి నన్ను తోడు రమ్మంది. ఫారంలో తండ్రి పేరు దగ్గర గుమాస్తా కలం ఆపి, ఉన్నాడా, చనిపోయాడా అని అడిగాడు.

"తెల్వదు సార్" అంది మైసమ్మ. "పేరు ఇస్రాయేలు. రాసుకోండ్రి."