గోడకు ఊపిరి

పశువుల రక్తం తాగే ఒక రకం పిడుదులు ఎక్కడెక్కడికి పాకాయో పటంలో గుర్తు పెట్టడం నా ఉద్యోగం. ఆ పని మీదే గుంటూరు నుంచి బయ్యారం దగ్గరి ఒక తండాకు వెళ్లాను. సోమ్లి అవ్వ తన పశువుల కొట్టం చూపించింది. పోయిన వానాకాలం ఆవు చచ్చిపోయినప్పటి నుంచీ అది ఖాళీ. మర్నాడు కొత్త ఆవును తోలుకొస్తారట.

టార్చి వేసి మట్టిగోడలన్నీ వెతికాను. ఒక్క పిడుదూ కనబడలేదు. "ఏమీ లేవవ్వా, ఆవును కట్టేసుకో" అని, పటంలో తండాను తెల్లగా వదిలేశాను.

"జర ఆగు నాయినా. మేం గట్ల చూడం" అంది అవ్వ. గోడ పగులు ముందు కూర్చుని, నోరు తెరిచి, వెచ్చటి ఊపిరి మెల్లగా వదిలింది. మళ్లీ వదిలింది. "ఆవును కట్టే ముందుగాల గోడకు ఊపిరి చూపియ్యాలె. మా అత్త నేర్పింది."

"ఇన్నాళ్లు తిండి లేకుండా ఎలా బతుకుతాయవ్వా?"

"గోమార్లకేం తొందర? ఎవలో ఒకలు రాకపోతరా అని కూసుంటయి."

పగులు అంచున సన్నటి కాళ్లు కదిలాయి. తర్వాత ఎండు గింజల్లాంటి ఒళ్లతో పిడుదులు బయటికొచ్చాయి. పక్క పగులులోంచి, పై పగులులోంచి కూడా. అన్నీ ముందుకాళ్లు గాల్లోకి చాచి అవ్వ మొహం కోసం వెతుకుతున్నాయి.

వాటిని కాల్చడానికి నిప్పులు తెస్తానని అవ్వ లేచి వెళ్లింది. కాసేపు ఆ కాళ్లు ఆగాయి. తర్వాత మెల్లగా నా వైపు తిరిగాయి.

ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. చేతిలోని పటంలో, ఏమీ లేవని నేను తెల్లగా వదిలేసిన ఊళ్లు ఇంకా చాలా ఉన్నాయి.