సాయిలు చెక్క

సిద్ధరాములు కుంటి సాంచాను ఎవరికీ చూపించడు. అశోక్ చౌక్ వెనక గల్లీల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. యాభై ఏళ్లుగా జాబర్ పని, అంటే సాంచాలనే ఈ కరెంటు మగ్గాల మరమ్మతు చేస్తున్న మనిషి. చప్పుడు విని రోగం చెబుతాడు. బయటివాడు కార్ఖానా గడప తొక్కేలోగా ప్రతి మరా బిగిసి ఉండాలి, ప్రతి కీలూ నూనె తాగి ఉండాలి. ఆ పట్టింపు నేర్పినవాడు ఆయన గురువు సాయిలు. నోరు మంచిది కాదు గానీ చెయ్యి మాత్రం బంగారం.

ఆ సాయిలే ఒకప్పుడు చద్దర్ల సాంచాకు ఒక వంపు చెక్క చేశాడు. అంతకు ముందు పోగు మోసే నాడె పరుగెత్తుకొచ్చి తన పెట్టె గోడకు ఠప్పున కొట్టుకునేది, మోటు పోగు పుటుక్కున తెగేది. నేసేవాడి ప్రాణం విసిగిపోయేది. సాయిలు తుమ్మకర్రను వంపుగా చెక్కి, తోలు తొడిగి, నాడె తగిలేచోట కూర్చోబెట్టాడు. దెబ్బ మెత్తబడింది, పోగు నిలిచింది. రెండేళ్లలో పేటంతా ఆ చెక్కనే పెట్టుకుంది. చేసినవాడి పేరు మాత్రం ఎవరూ తలచుకోలేదు. సాయిలు అడగనూ లేదు. బడి మొహం చూడని మేస్త్రీకి పేటెంట్ అంటే ఏం తెలుసు?

సాయిలు పోయి పన్నెండేళ్లయింది. పాత సాంచాలన్నీ తుక్కు కిందకి పోయాయి. శ్రీధర్ సేట్ కార్ఖానాలో ఒక్కటే మిగిలింది, సాయిలు తన చేత్తో చెక్కిన మొట్టమొదటి చెక్కతో సహా. దాన్ని హర్షద చూసింది. ఈ పేట పిల్లే, పుణెలో ఇంజినీరు. మన దేశంలో పుట్టిన యంత్రాలను గుర్తించి, చేసినవాళ్ల పేరుతో ఫలకం పెట్టే సంఘం ఒకటి ఉంటే దానికి రాసింది. వాళ్లు వచ్చి చూస్తామన్నారు. ఆ కబురు సిద్ధరాములే వెళ్లి సాయిలు భార్య చంద్రభాగకు చెప్పాడు. ఆవిడ చుడుతున్న బీడీ పక్కన పెట్టి, "ఆయన పేరు రాస్తరా? నిజంగనే రాస్తరా?" అని మూడుసార్లు అడిగింది.

సంఘం వాళ్లు వచ్చే ముందురోజు మధ్యాహ్నం సిద్ధరాములు సాంచా నడిపి చూశాడు. చెక్క బాగా అరిగింది, నాడె కాస్త ఎగురుతోంది. ఇక ఆగుతాడా! చెక్కను ఊడదీసి, అదే కొలతకు కొత్తది చెక్కి బిగించాడు. పాతదాన్ని ఇంటికి తెచ్చి నీళ్ల పొయ్యిలో పెట్టాడు. యాభై ఏళ్లుగా అరిగిన చెక్కలన్నీ పోయింది ఆ పొయ్యిలోకే. తన వేలితో తన కన్నే పొడుచుకుంటున్నానని పాపం ఆయనకు తట్టనే లేదు.

మర్నాడు పొద్దున కార్ఖానాలో హర్షద సాంచా మీదికి వంగి చూసి అలాగే నిలబడిపోయింది. వెనక పుణె నుంచి వచ్చిన ఇద్దరు సంఘం పెద్దలు.

"కాకా, ఇది కొత్త కర్ర లెక్కున్నది. సాయిలు తాత చెక్క ఏది?"

శ్రీధర్ సేట్ చటుక్కున అందుకున్నాడు. "గదే ఇది. జర రంద కొట్టి నూనె రాసినం, బస్."

పెద్దలిద్దరూ కళ్లజోళ్లు సర్దుకుని తలలు ఊపారు కూడా. నోరు మూసుకుంటే చాలు, సాయిలు పేరు ఫలకం ఎక్కుతుంది. అది సిద్ధరాములుకూ తెలుసు. కానీ ఒకరి పనిని ఇంకొకరిదని చెబితే సాయిలు ఏనాడూ ఊరుకోలేదు.

"కాదు బిడ్డా. అది అరిగింది. నిన్న మార్చిన. ఇది నా చేతిది."

"మరి పాతది యాడ పెట్టినవ్?"

"పొయ్యిల."

హర్షద నెత్తి పట్టుకుంది. "అయ్యో కాకా! దాని మీద ఆయన బాడిసె దెబ్బలుండె. మనకు గదొక్కటే సాక్ష్యం. వీళ్లకు అరిగిందే గావాలె!"

అరిగిందే కావాలట! అలాంటి లోకం ఒకటుందని అరవై తొమ్మిదేళ్ల వయసులో ఆయనకు తెలిసింది. పెద్దలు మర్యాదగానే మాట్లాడారు. చాయ్ తాగి, జాబితాలో చేర్చలేమని చెప్పి వెళ్లిపోయారు.

చంద్రభాగ ఉతికిన చీర కట్టుకుని తన ఇంటి గడపలో కూర్చుని ఉంది. సిద్ధరాములు నిలబడే అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

"సాయిలన్న పేరు నేనే కాలవెట్టిన వదినా."

"బయటోళ్లు వస్తరంటె అరిగిన చెక్కతోని సాంచా చూపిస్తవా? ఆయనుంటె నీ ఈపు చింతపండు జేస్తుండె," అంది ఆవిడ. "గని ఆశ పడ్డ సిద్ధరాములూ. మస్తు ఆశ పడ్డ."

కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "కొత్తది ఎవరి కొలతకు చేసినవ్?"

"సాయిలన్న కొలతకే. నాకింకో కొలత ఏడిది?"

"అయితె దాని మీద ఆయన పేరు చెక్కు."

"ఇప్పటి కర్ర నాలుగేండ్లు గూడ ఆగదు వదినా. చెక్క అరిగితె పేరు గూడ అరుగుతది."

"అరిగితె మారుస్తవు గద. మారిస్తె మళ్ల చెక్కు."

సిద్ధరాములు కళ్లు తుడుచుకుని, ఉలి తెచ్చుకోవడానికి ఇంటికి నడిచాడు.