అమ్రామ్ కట్టిన గోడ

అమ్రామ్‌కి భయం. దేనికని అడక్కండి, అడిగితే చెప్పడానికి కూడా భయపడతాడు. పిల్లికీ మెరుపుకీ డాక్టరుకీ భయపడేవాళ్ళు యూదుల ఊరైన ఆ సఫద్ కొండమీద చాలామందే ఉన్నారు. కానీ డాక్టరు "నీకేం లేదు, ఇంటికి పో" అంటే, "అసలేం లేకపోవడం ఏమిటి? ఏదో ఒకటి ఉండాలి గదా!" అని వణుక్కుంటూ ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళినవాడు అతనొక్కడే. అతనిది గుండీలూ దారాలూ అమ్మే చిన్న కొట్టు. ఎవరైనా నల్లదారం అడిగితే, "ఇంట్లో అందరూ క్షేమమే గదా?" అని రెండుసార్లు అడిగి గానీ ఇచ్చేవాడు కాదు.

భార్య మెసౌదాకి భయాల్లేవు, ప్రశ్నలున్నాయి. "ఎందుకు?" అనకుండా ఆవిడ మంచినీళ్ళు కూడా తాగదు. పెళ్ళికి ముందు అమ్రామ్ చెమటలు కక్కుతూ "నిన్ను చేసుకుంటాను" అన్నప్పుడు కూడా "ఎందుకు?" అనే అడిగింది. అమ్రామ్ హడలిపోయి జవాబు చెప్పలేదు. పిల్లలు పుట్టి, పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయినా ఆ జవాబు ఇంకా రాలేదు.

అతని భయాలన్నిట్లోకీ పెద్దది యాత్రికులు. ఆ కొండమీదికి ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వస్తారు. వచ్చినవాళ్ళు ఊరికే చూసి పోరు. నెత్తిమీద ఆ టోపీ ఎందుకు? చొక్కాకింద ఆ దారాలు వేలాడటం ఎందుకు? గుమ్మానికి ముద్దుపెట్టడం ఎందుకు? మెసౌదాకి వాళ్ళంటే మహా ఇష్టం, ప్రశ్నలడగడంలో తన జాతివాళ్ళు గదా. అమ్రామ్‌కి మాత్రం వాళ్ళ నీడంటేనే హడలు.

"నేనొక ముక్క తప్పు చెప్పాననుకో," అనేవాడు. "వాడు వాళ్ళూరెళ్ళి అందరికీ చెబుతాడు. వాళ్ళు ఇంకా అందరికీ చెబుతారు. మోషే ప్రవక్త కాలంనుంచీ కాపాడుకొస్తున్న పరువు నా నోటిమీదుగా పోతుంది!"

"నీ నోటిమీదుగా మాటే పోదు, పరువెలా పోతుందయ్యా?" అనేది మెసౌదా.

కానీ ఒకసారి అంతపనీ అయింది. ఒక విదేశీ ఆవిడ కొట్లోకొచ్చి, మాంసం, పాలు కలిపి ఎందుకు తినరని మర్యాదగానే అడిగింది. అమ్రామ్‌కి బుర్రలో ఉన్న శాస్త్రమంతా ఎగిరిపోయి, "కడుపునొప్పి" అనే ఒక్క మాట బయటికొచ్చింది. ఆవిడ ఎంతో జాలిగా తలూపి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అమ్రామ్ మంచంమీద కూచుని ఒకటే బాధ. "మెసౌదా! ఇప్పుడు ఎక్కడో ఒక దేశంలో మన ధర్మశాస్త్రం అంతా అజీర్తి అనుకుంటున్నారే!"

ఆ తరవాత అతను ఒక ఉపాయం కనిపెట్టాడు. మౌన ప్రార్థనలో ఉన్న మనిషిని ఎవరూ పలకరించకూడదు. పాము కాలికి చుట్టుకున్నా మధ్యలో ఆగకూడదని పెద్దలంటారు. అంచేత దూరాన యాత్రికుల టోపీ కనిపిస్తే చాలు, అమ్రామ్ ఉన్నచోటే గోడవైపు తిరిగి, పాదాలు రెండూ దగ్గరికి చేర్చి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించడం మొదలెట్టేవాడు. దేవుడితో దొంగవేషాలు వేస్తున్నానేమోనని మళ్ళీ భయం. అందుకని నిజంగానే ప్రార్థించేవాడు: "ప్రభూ, వీళ్ళని క్షేమంగా పంపించెయ్యి. ఇప్పుడే."

వాళ్ళు పోయేవారు కాదు. "ఎంత భక్తి!" అనుకుంటూ ఫొటోలు తీసుకునేవాళ్ళు. చేపలబజార్లో, బస్టాండులో, ఒకసారి మంగలిషాపులో సగం గడ్డంతో, ఎక్కడ చూసినా అదే భక్తి. సఫద్‌లో ఒక మహాయోగి ఉన్నాడని పైదేశాల్లో పేరు పాకిపోయింది. ఆయన్ని చూడటానికని ఇంకొంతమంది రావడం మొదలెట్టారు. అమ్రామ్ ఇంకా ఎక్కువ ప్రార్థించాల్సి వచ్చింది.

ఇక తీగ సంగతి చెప్పాలి. షబ్బాత్ అంటే శుక్రవారం పొద్దు గూకినప్పట్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా యూదులకి విశ్రాంతి రోజు. ఆ రోజున ఇల్లు దాటి వీధిలో ఏదీ మోయకూడదు, తొయ్యకూడదు. చంటిపిల్లని ఎత్తుకోవడానికీ లేదు, చక్రాలకుర్చీ నెట్టడానికీ లేదు. ఐతే చుట్టూ గోడ ఉంటే వీధంతా ఒకే ఇల్లు కింద లెక్క, అప్పుడు ఇబ్బంది లేదు. అమ్రామ్ వాళ్ళ సందుకి మూడువైపులా గోడలే. నాలుగోవైపు, సందు మొగలో, రెండు స్తంభాలూ వాటిమీదుగా ఒక సన్నటి తీగా. ఆ తీగ ఉంటే ద్వారం ఉన్నట్టు, సందు ఇల్లైనట్టు. తెగితే ఇల్లు మళ్ళీ వీధే.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ తీగని మెడ విరిగేలా చూసొచ్చేవాడు అమ్రామ్. ఎవరూ చెయ్యమనలేదు. నాలుగేళ్ళకిందట ఒక చలికాలంనుంచి తనంతట తనే మొదలెట్టాడు. చూసి ఇంటికొచ్చి, సరిగ్గా చూశానో లేదోనని మళ్ళీ వెళ్ళేవాడు.

"ఎందుకయ్యా అన్నిసార్లు?" అనేది మెసౌదా.

"భయం," అనేవాడు.

ఇది చాలదన్నట్టు ప్రార్థనాలయంలో మతగురువు రబ్బీ నిస్సీం ఒకనాడు పాఠంలో ఇంకో సంగతి చెప్పాడు. షబ్బాత్ నాడు గోడ పడిపోతే మనుషులే గోడ కావచ్చునట. భుజానికి భుజం తగిలేలా వరసగా నిలబడితే చాలునట. కాకపోతే ఒక షరతు: తాము గోడ అని వాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే ఆ గోడ చెల్లదు. అందరూ భలే ఉందే అని నవ్వుకుని ఇళ్ళకెళ్ళారు. అమ్రామ్ మాత్రం పాలిపోయి ఇంటికొచ్చాడు.

"మెసౌదా, నాకు తెలియకుండా నన్నెవరైనా గోడ చేస్తే?"

"చేస్తే ఏమవుతుంది?"

"నేను మధ్యలో తుమ్మి పక్కకి జరిగాననుకో! ఎంతమంది నామూలాన తప్పు చేసినట్టవుతుంది!"

ఆ రోజునుంచి బస్సు దగ్గర వరసలో నిలబడటం మానేశాడు. వరసకి అవతల విడిగా నిలబడి, అందరూ ఎక్కాక ఎక్కేవాడు. చాలాసార్లు బస్సు వెళ్ళిపోయేది.

ఆ సందు చివరి ఇంట్లో సుల్తానా అవ్వ ఉండేది. తొంభై దాటిన మనిషి, నాలుక మాత్రం పాతికేళ్ళది. నడవలేదు, చక్రాలకుర్చీయే గతి. నాలుగేళ్ళకిందట ఒక షబ్బాత్ ఉదయం ఆ సందులోనే ఉన్న ప్రార్థనాలయానికి వచ్చింది. మంచు కురిసి తీగ తెగింది. కుర్చీ తొయ్యడానికి లేక, చుక్కలు పొడిచేదాకా ఆ చలి హాల్లోనే ఉండిపోయింది. ఆవిడకోసం మనవలు కూడా తిండి మానుకుని కూచున్నారు. "ఇంకెప్పుడూ నా మూలాన ఇంతమంది అవస్థ పడకూడదు," అని ఆ మర్నాటినుంచి అవ్వ గడప దాటడం మానేసింది. ఎంతమంది బతిమాలినా వినలేదు. చివరికి మునిమనవడు పుట్టి, వాడి నామకరణం షబ్బాత్ నాడే పడితే, "సరే, ఈ ఒక్కసారికి" అంది.

ఆ ఉదయం గాలి విపరీతంగా వీస్తోంది. మోకాళ్ళనొప్పితో ఇంట్లోనే ఉండిపోయిన మెసౌదా, సందు మొగ కనిపించే పై కిటికీలోంచి చూస్తూ కూచుంది. గాలికి తీగ ఏమైందోనని అమ్రామ్ ప్రార్థన మధ్యలో బయటికొచ్చి సందు మొగదాకా నడిచాడు. పైకి చూశాడు. అక్కడే కొయ్యబారిపోయాడు. తీగ తెగి స్తంభం పక్కన నేలమీద పడుంది.

మెసౌదాకీ కనిపించింది. ముడి వెయ్యడానికి లేదు, షబ్బాత్. వెళ్ళి రబ్బీకి చెబితే అవ్వ కుర్చీ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఇవాళ ఇలా జరిగిందంటే అవ్వ ఇక చచ్చేదాకా బయటికి రాదు. చెప్పకుండా ఊరుకుంటే, తెలిసి తెలిసి అందరిచేతా తప్పు చేయించినట్టు. ప్రార్థనాలయంలో చివరి పాట అయిపోవచ్చింది.

సరిగ్గా అప్పుడే పెద్దరోడ్డుమీదనుంచి యాత్రికుల గుంపొకటి వచ్చింది. ముందు గైడు రుబా, నజరేతునుంచి వచ్చే అరబ్బు క్రైస్తవుల పిల్ల. ఇక పాదాలు దగ్గరికి చేరుస్తాడనుకుంది మెసౌదా. చేర్చాడు కూడా. కళ్ళు మూశాడు. మళ్ళీ తెరిచాడు. గాలికి రెపరెపలాడే గొంతుతో అన్నాడు:

"అమ్మాయ్, ఇవాళ గాలి ఎక్కువగా ఉంది కదూ? పైన ఉండాల్సినవి కింద పడుతున్నాయి..."

షబ్బాత్ నాడు వేరే మతంవాళ్ళని కూడా పని చేసిపెట్టమని నోరు తెరిచి అడగడానికి లేదు, సూచనగా అనాలి. రుబా నవ్వింది. "అవును బాబాయ్, మా టోపీలు కూడా ఎగిరిపోతున్నాయి."

సూచన వృథా అయింది. ముప్పై ఏళ్ళ కాపరంలో మెసౌదా వినని మాట ఒకటి అతని నోట వచ్చింది.

"మీవాళ్ళకి... ఏమైనా అడగాలనుందా?"

మెసౌదా కుర్చీలోంచి లేచింది, మోకాళ్ళ సంగతే మర్చిపోయి.

"ఉండటమేమిటి బాబాయ్! పొద్దుట్నుంచి నా ప్రాణం తీస్తున్నారు!"

"ఐతే దగ్గరికి రండి. నా గొంతు చిన్నది. ఇలా, ఆ స్తంభం దగ్గర్నుంచి ఈ స్తంభందాకా. ఇంకా దగ్గరగా. భుజానికి భుజం. గాలికి వినపడదు మరి."

'ఎందుకయ్యా?' అని అరవబోయింది మెసౌదా. నోరు తెరిచాక అర్థమై చప్పున రెండు చేతులతో మూసుకుంది. ఆ ప్రశ్న కిందికి వినపడిందంటే గోడ కూలిపోతుంది.

ఇక మొదలెట్టాడు అమ్రామ్. టోపీ ఎందుకో చెప్పాడు. దారాలెందుకో చెప్పాడు. ప్రతి జవాబుకీ చెమట తుడుచుకుంటూ, "ఇది నాకు తెలిసినంత, తప్పైతే నాదే, మావాళ్ళది కాదు," అని చేర్చాడు. మాంసం, పాలు కూడా వచ్చాయి. "కడుపునొప్పి కాదు!" అని గట్టిగా అరిచాడు. ఎవరూ కడుపునొప్పి అనలేదు, అందుకని అందరూ తెల్లబోయారు. లోపల్నుంచి జనం రావడం మొదలైంది. మనవడు యిగాల్ అవ్వ కుర్చీ తోసుకుంటూ బయటికొచ్చాడు.

అంతలో చివరనున్న లావుపాటాయన నీళ్ళసీసాకోసం పక్కకి జరిగాడు. గోడకి కన్నం పడింది.

"తిండి!" అని కేకేశాడు అమ్రామ్. "తిండి సంగతి చెప్పనే లేదు!"

లావుపాటాయన ఒక్క అంగలో వెనక్కొచ్చాడు.

"దఫీనా అంటారు. గోధుమలు, శనగలు, బంగాళాదుంపలు, మాంసం, పెంకుతో సహా గుడ్లు. శుక్రవారం పొద్దు గూకకముందే పొయ్యిమీద పెడితే రాత్రంతా..."

అవ్వ కుర్చీ ఠక్కున ఆగింది. "ఒరే యిగాల్, ఆపు! ఎవర్రా ఆ మాట్లాడేది? మన అమ్రామేనా? వీడికి నోరుందా?"

అమ్రామ్ మొహంలో రక్తం లేదు. "వెళ్ళవ్వా, చలిగా ఉంది, వెళ్ళు..."

"పోతాలే, తొందరేమిటి? ఖర్జూరం ఏదిరా? ఖర్జూరం వెయ్యకుండా దఫీనా ఏమిటి?"

"మా ఇంట్లో వెయ్యం అవ్వా."

"అందుకే మీ ఆవిడ దఫీనా ఆ ఏడుపు ఏడుస్తుంది!"

పైన కిటికీలో మెసౌదాకి ఒళ్ళు మండిపోయింది. ఆవిడ దఫీనాని ఇంతవరకూ ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నవాళ్ళు సుఖంగా తిరిగి వెళ్ళలేదు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. తీగ వంక చూసింది. మింగేసింది. పెళ్ళయ్యాక ఆవిడ మింగిన మొదటి జవాబు అదే.

రుబా అంతా అనువదిస్తోంది. యాత్రికులు ఖర్జూరం పక్షమూ ఖర్జూరం వద్దనే పక్షమూ అయి విడిపోయేలా ఉన్నారు. "విడిపోకండి!" అని మొత్తుకుంటున్నాడు అమ్రామ్. "ఖర్జూరం వేస్తాం! ఈ వారంనుంచీ వేస్తాం! నువ్వు చెప్పిందే రైటవ్వా, ఇంటికెళ్ళు!"

"అదీ," అంది అవ్వ. గెలిచిన సంతోషంతో కుర్చీ కదిలింది. గుంటలు దాటింది, మెట్టు దాటింది. తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

అమ్రామ్ మాట మధ్యలో ఆగిపోయాడు. పక్కనున్న రాతిగోడవైపు తిరిగి, పాదాలు దగ్గరికి చేర్చి, కళ్ళు మూసుకున్నాడు. యాత్రికులంతా ఎంతో గౌరవంగా, తమ పాదాలు కూడా దగ్గరికి చేర్చి నిలబడ్డారు.

చుక్కలు పొడిచాక నిచ్చెన వేసి కొత్త తీగ కట్టాడు. కింద మెసౌదా నిచ్చెన పట్టుకుంది.

"ఆ మంచు కురిసిన రోజున నువ్వు లోపలే ఉన్నావు గదూ?" అంది.

"ఉన్నాను. అవ్వ చేతులు వణకడం చూశాను. నాకు భయమేసింది."

"ఎందుకు?"

"మళ్ళీ అలా చూడాల్సి వస్తుందేమోనని."

మెసౌదా నిచ్చెనని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్ళు పిరికివాడని వెక్కిరించిన మనిషిమీద ఆవిడకి పట్టలేనంత ప్రేమ పొంగుకొచ్చింది.

"అవ్వకి చెప్పనా, నువ్వేం చేశావో?"

"అయ్యో, వద్దు! తెలిస్తే మళ్ళీ బయటికి రాదు!" అని నిచ్చెనమీదే వణికాడు. అంతలో ఇంకో భయం పట్టుకుంది. "ఆ రుబాకి గానీ తెలిసిపోయి ఉంటుందంటావా? తెలిస్తే గోడ చెల్లదే మెసౌదా!"

మరుసటి షబ్బాత్‌కి అవ్వని ఎవరూ బతిమాలలేదు. అమ్రామ్ దఫీనాలో ఖర్జూరం వేయించాడో లేదో కనుక్కోవాలని తనే వస్తానంది. ఆ ఉదయమూ గాలి వీస్తోంది. రుబా కొత్త గుంపుతో వచ్చింది. అమ్రామ్ కిటికీ కింద నిలబడి, పాలిపోయిన మొహంతో పైకి చూశాడు.

"మెసౌదా, కాస్త కిందికొచ్చి, ఆ స్తంభం పక్కన, రుబా భుజం తగిలేలా నిలబడతావా?"

మెసౌదా శాలువా కప్పుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ దిగి వచ్చి నిలబడింది. ఎందుకని అడగలేదు. తీగ ఉందో లేదోనని తలెత్తి చూడనూ లేదు. తనకేమీ తెలియకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నిస్తూ, అవ్వ కుర్చీ ఇల్లు చేరేదాకా, తుమ్మొచ్చినా తుమ్మకుండా అలాగే నిలబడింది.