గంగాధరప్ప తీసేయించిన బోర్లు

కంబదూరు చుట్టుపక్కల బోరు వెయ్యాలంటే పాయింటు పెట్టేది గంగాధరప్పే. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగి, అది లేచి నిలబడిన చోట రాయి పెడతాడు. జనం టెంకాయను నమ్మారు. ఆయన నమ్మింది మాత్రం జేబులో ఉన్న ఆర్గనైజర్‌ని. ఇరవై ఏళ్ళ కిందట ఒక బోరుబండి యజమాని ఇచ్చిపోయిన చేతి మిషను అది. ఎవరి చేను, ఏ మూల, ఎన్ని అడుగులు, నీళ్ళు పడ్డాయా లేదా, అన్నీ అందులో కొట్టిపెట్టుకున్నాడు. పాయింటు పెట్టేముందు చెట్టు చాటుకు పోయి చూసుకునేవాడు.

పోయిన ఎండాకాలం దానికి తిక్క పట్టింది. ఒకరి పేరు నొక్కితే ఇంకొకరి చేను చూపిస్తుంది, మళ్ళీ నొక్కితే ఆరిపోతుంది. కళ్యాణదుర్గంలో సెల్‌ఫోన్లు బాగుచేసే సరళ దగ్గరికి తీసుకుపోయాడు.

"రీసెట్ కొట్టినా ఆడికే వచ్చి ఆగిపోతాండాదన్నా. మెమరీ నిండి లిస్టు చెడిపోయింది. కొన్ని తీసేస్తేనే మిగతావి దక్కుతాయి," అంది సరళ. "కంప్యూటర్లోకి ఎక్కిద్దామంటే దీని వైరు ఇప్పుడు యాడా దొరకదు. ఏవి తీసేమంటావు?"

వెయ్యికి పైగా బోర్లలో ఆరువందలు ఎండినవే. ఆ సంగతి ఒక ఆడపిల్ల కళ్ళబడేసరికి గంగాధరప్పకు తల కొట్టేసినట్టయింది.

"నీళ్ళు పడనివన్నీ తీసెయ్ మా."

"పుస్తకంలోనన్నా రాసుకోన్నా. పోతే మళ్ళా రావు."

"ఎండిన బోర్లు రాసుకొని ఏం జేసుకుంటా?"

మిషను బాగయింది. ఏం బాగులే, ఆయన ఖర్మ!

నెల తిరక్కముందే ఓబన్న వచ్చాడు. రెండేళ్ళ కింద కొన్న చేను, కాపుకొచ్చిన చీనీ, అదే బత్తాయి, చెట్లు, ఉన్న ఒక్క బోరూ ఆగిపోయింది. "ఇది పడకపోతే చెట్లు కొట్టేసేదేనన్నా," అన్నాడు. గంగాధరప్ప చాటుకు పోయి చూశాడు. మిషనులో ఆ చేను పేరే లేదు. వెయ్యి చేలు తిరిగిన మనిషికి ఏది గుర్తుంటుంది? తూర్పు మూలలో టెంకాయ లేచింది. రాయి పెట్టాడు.

ఎనిమిది వందల అడుగులు దిగినా దుమ్మే వచ్చింది. బండి వెళ్ళిపోయాక, గొర్రెల మందతో వలసపోయి ఆ పొద్దే తిరిగొచ్చిన పక్క చేని నల్లమ్మ, గట్టుమీది కంపను కట్టెతో పక్కకు నెట్టింది. పది అడుగుల దూరంలో, బండరాయి మూసిన పాత బోరు గొట్టం.

"ఈ చేను పాతాయన వేయించింది కదప్పా. అప్పుడూ దుమ్మే లేసింది. పాయింటు పెట్టింది నువ్వే కదా?"

ఓబన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మరిచిపోయినావా అన్నా?" అని మాత్రం అడిగాడు. వారానికి చీనీ చెట్లమీద గొడ్డలి పడింది.

మిషను ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. పైనుంచి కిందికి ఎంత నొక్కినా, గంగాధరప్ప పాయింటు పెట్టిన ప్రతి బోరులోనూ నీళ్ళే.