యతిరాజులు వేలు

కుక్కల గొంతులో ఎముకలు తీయడంలో డాక్టర్ సంయుక్తది అందెవేసిన చెయ్యి. తిరువొత్తియూరు చేపల రేవు వైపు నుంచి వచ్చే కుక్కల్లో సగానికి గొంతులో ఏదో ఒకటి ఇరుక్కునే ఉంటుంది. చేపముల్లు, కోడి ఎముక, ఒకసారైతే ఏకంగా గాలం. మాధవరం దాటాక రేకుల షెడ్డులో నడిచే ఆ కుక్కల ఆశ్రయానికి ఆరేళ్లుగా ఆవిడే డాక్టరు. ఒక బల్ల, ఒక ఫ్రిజ్, రెండు ట్యూబులైట్లు, అంతే ఆస్పత్రి. ఆమెతో చదువుకున్నవాళ్లు అన్నానగర్‌లో ఏసీ గదుల్లో కూర్చుని బొచ్చుకుక్కలకు గోళ్లు కత్తిరిస్తున్నారు. ఈమె మాత్రం పొద్దున్నే చింతాద్రిపేట నుంచి స్కూటరు మీద వచ్చి, నూట నలభై వీధికుక్కల పుండ్లు కడుగుతుంది. సాయంత్రం ఇంటికెళ్తే వాళ్లమ్మ పలకరించకుండా ముందు స్నానాలగది వైపు చెయ్యి చూపిస్తుంది, అది వేరే సంగతి.

అంత చెయ్యి తిరిగిన మనిషి కాబట్టే ఆ పొరపాటు చేసింది. ఏమీ తెలియనివాళ్లయితే భయపడి నాలుగడుగుల దూరంలో నిలబడేవాళ్లు.

బుధవారం సాయంత్రం వ్యాను ఒక గోధుమరంగు ఆడకుక్కను దించింది. దవడ జారిపోయి ఉంది, చొంగ కారుతోంది, నోరు మూతపడటం లేదు. "ఎముకే," అంది సంయుక్త చూడగానే. టార్చి తను పట్టుకుని యతిరాజులును పిలిచింది. యాభై ఏడేళ్ల యతిరాజులు, అతని భార్య రాజలక్ష్మి ఆ షెడ్డు వెనక గదిలోనే కాపురం ఉంటారు. ఆవిడ కుక్కలకు గంజి కాస్తుంది, ఈయన వాటిని కడిగి, కట్టి, మందు మింగిస్తాడు. ఎంత పొగరుబోతు కుక్కయినా ఆయన చేతిలో మెత్తబడిపోతుంది.

"రాజులన్నా, నోట్లో చెయ్యిపెట్టి కాస్త తడిమి చూడు," అంది.

ఆయన ఒట్టి చేత్తోనే తడిమాడు. ఏమీ తగల్లేదు. "లోపలికి జారిందేమోలే, పొద్దున చూద్దాం," అనేసి సంయుక్త స్కూటరెక్కింది.

గురువారం పొద్దున వచ్చి ఆ కుక్క ఉన్న గూడు ముందు కూర్చుంది. కుక్క నీళ్లగిన్నెలో మూతి పెట్టింది. పెట్టింది గానీ ఒక్క చుక్క మింగలేకపోయింది. అరవబోతే గొంతు బొంగురుగా ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. సంయుక్తకు అర్థమైపోయింది. ఎముక కాదు, రేబిస్. కరవకుండా, తిరగబడకుండా, దవడ జార్చుకుని మూల కూర్చునే రకం. చదువుకునేటప్పుడు మాస్టారు పదేపదే చెప్పిన మాట, ఎముకనుకుని నోట్లో చెయ్యి పెట్టకండి అని. తను పెట్టలేదు. ఇంకొకడి చేత పెట్టించింది!

"రాజులన్నా! నీ చేతులు చూపించు."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. గట్టిగా అరిస్తే ముందుకు తెచ్చాడు. చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"పన్ను కొంచెం గీసుకునిందమ్మా. పసుపు పెట్టినాను. ఏం కాదులే."

"ఏం కాదా? పసుపా? నీకేమైనా మతి ఉందా అన్నా!"

ఆ వేలును సబ్బుతో తోమి తోమి కడిగించింది. కడిగిస్తుండగా ఒక సంగతి గుర్తొచ్చి ఊపిరి పీల్చుకుంది. పోయిన ఏడు పనివాళ్లందరినీ మూడుసార్లు వ్యానెక్కించి రేబిస్ టీకాలకు పంపింది కదా! రిజిస్టరు తీసి చూసింది. యతిరాజులు పేరుకు ఎదురుగా మూడు టిక్కులు, తన చేత్తో తను పెట్టినవి. అమ్మయ్య అనుకుని, రిజిస్టరు సంచిలో వేసుకుని, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి స్కూటరు తోలింది.

అక్కడ నర్సు అడగ్గానే పుస్తకం తెరిచి బల్లమీద పెట్టింది. "మూడూ అయిపోయాయండీ."

"నిజమేనా పెద్దాయనా?" అంది నర్సు.

యతిరాజులు సంయుక్త ముఖం చూసి తలూపాడు. ముందే వేసుకున్నవాళ్లకు రెండు సూదులు చాలు, టీకా పనిచేసేలోగా కాపాడే సీరం అక్కర్లేదని చెప్పి నర్సు మొదటిది పొడిచి పంపేసింది.

తిరిగి వస్తుంటే మూలకడై కూడలి దగ్గర ఫోను మోగితే స్కూటరు పక్కకు ఆపింది. వ్యాను డ్రైవరు ప్రదీప్. కుక్క చచ్చిపోయిందట. "ఎవరూ ముట్టుకోవద్దు, ల్యాబుకు నేనొచ్చి పంపిస్తా," అని ఫోను పెట్టేసింది. వెనక నుంచి యతిరాజులు మెల్లగా అడిగాడు.

"డాక్టరమ్మా, ఆ నర్సమ్మ సీరం అనిందే, అది ఎవురికి వేస్తారు?"

"ముందు టీకాలు వేసుకోనివాళ్లకి."

"ఒకటి వేసుకుని మిగతావి ఎగ్గొట్టినోళ్లకి?"

సంయుక్త స్కూటరు దిగి ఆయన వైపు తిరిగింది.

"మొదటి సూదికే రెండు దినాలు జొరం వచ్చెనమ్మా. కుక్కలు ఆకలికి ఒకటే ఏడుపు. మళ్లా రెండుసార్లూ వ్యానెక్కి, ఈడ మూలకడైలోనే దిగేసినా. గంజికి నూకల మూట కొనుక్కుని, వ్యాను తిరిగొచ్చేటప్పుడు ఎక్కేసినా."

వ్యాను వెళ్లింది, వ్యాను వచ్చింది, తను టిక్కు పెట్టేసింది. ఒక్కరి చొక్కా చెయ్యి కూడా ఎత్తి చూడలేదు. ఆయన్ని చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది, తన మీద అంతకు రెట్టింపు.

"మరి అక్కడ నర్సమ్మ అడిగితే తలెందుకు ఊపావు? ప్రాణంతో పరాచికాలా?"

"మీరు పుస్తకం తీసి చూపిస్తిరి కదమ్మా. అంతమందిలో నేను కాదంటే మీ మాట ఏం గాను?"

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. స్కూటరు వెనక్కి, ఆస్పత్రి వైపు తిప్పింది. దారిపొడుగునా ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉన్నట్టనిపించింది.

నర్సు ముందు నిలబడి, "ఈ పుస్తకం తప్పండీ. తప్పు రాసింది నేనే," అంది. నలుగురూ తిరిగి చూశారు. చూడనీ. సీరం ఆ గీత చుట్టూ, వేలి కండలోకే గుచ్చాలి. అంత మనిషీ "అమ్మోవ్" అని కేకపెట్టి వంకర్లు తిరిగిపోయాడు. సంయుక్త భుజం గట్టిగా పట్టుకుంది. "అయిపోయిందన్నా, అయిపోయింది. నిన్ననే కదా గీసుకుంది, ఏం భయం లేదు. మిగతా సూదులు మాత్రం నేనే దగ్గరుండి వేయిస్తా."

యతిరాజులు కళ్లు తుడుచుకోలేదు. వేలు పట్టుకుని అలాగే నేలను చూస్తున్నాడు.

"నేనొక్కణ్ణే దిగలేదమ్మా."

"ఏంటి?"

"రాజలక్ష్మికీ అప్పుడు జొరమే, అది కూడా నాతోనే దిగేసింది. నిన్న మీరు పోయినంక, పాపం దాహంగా ఉండాదేమో అని ఆ కుక్క నోరు తుడిచి, చేత్తో నీళ్లు పోసింది."

సంయుక్త ఫోను తీసింది. రెండుసార్లు తప్పు పేరు నొక్కింది. మూడోసారి రాజలక్ష్మి ఎత్తింది.

"ఏందమ్మా, మీ అన్న బాగుండాడా?"

"బాగున్నాడు వదినా. నీ చేతికి ఎక్కడైనా గాయముందా?"

"గాయమా? నిన్న మధ్యాన్నం కూరకి ఎర్రగడ్డలు తరుగుతా ఉంటే బొటనవేలు తెగిందిలే. దానికేం?"

"సబ్బు తీసుకుని కొళాయి దగ్గరికి పో. ఇప్పుడే. పదిహేను నిమిషాలు ఆపకుండా కడుగు. ప్రదీప్‌కు కేకేసి వ్యాను తియ్యమను, కడిగాక నేరుగా ఇక్కడికి, పెద్దాసుపత్రికి వచ్చెయ్."

"అంత కంగారేందమ్మా?"

"కడుగు వదినా," అంది సంయుక్త. "ఫోను పెట్టెయ్యొద్దు, పక్కన పెట్టుకో. నీళ్ల చప్పుడు నాకు వినపడుతుండాలి."