సున్నా కిలోమీటరు రాయి

మొన్న ఆదివారం మా బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో విశ్వం పుట్టుక మీద ఉపన్యాసం పెట్టారు. ప్రశ్నల వేళకి నేను చెయ్యెత్తితే, మైకు పట్టుకున్న సెక్రటరీగారు "మేడమ్, ఫిజిక్స్ చదివినవాళ్ళకే" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వెంటనే మా మేనత్త గుర్తొచ్చింది.

అత్త శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి ఇక్కడికొచ్చిన మనిషి. రైల్వేలో పనిచేసే మావయ్య పోయాక ఆవిడకి రన్నింగ్ రూములో, అంటే డ్రైవర్లు, గార్డులు డ్యూటీ దిగి పడుకునే చోట, ఊడ్చి తుడిచే ఉద్యోగం ఇచ్చారు. చదువు ఐదో తరగతి. అయితేనేం, దగ్గర్లోని బిల్హా స్టేషను వైపు నుంచి ఏ బండి ఎంత లేటుగా వస్తోందో పప్పుకి పోపు పెడుతూ చెప్పేసేది.

నాకు పదహారేళ్ళప్పుడు ఇదే హాలుకి తెలుగు సంఘంవాళ్ళు ఒక ప్రొఫెసరుగారిని పిలిపించారు. ముందు వరస కుర్చీలు ఆఫీసర్లకి, వెనక బెంచీలు గుమాస్తాలకి, మా బోటివాళ్ళకి గోడవార జంపఖానా. ఆ పద్ధతి ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు. తొలుత అంతా ఇరుగ్గా, మహా వేడిగా ఉండేదని, అప్పట్నుంచి చోటే సాగుతూ వస్తోందని, నక్షత్రాల గుంపులన్నీ ఒకదానికొకటి దూరమవుతున్నాయని ఆయన చెప్పారు. అత్త లేచింది.

"అయ్యా, మా లైనుకి జీరో కిలోమీటరు రాయి ఉంటాది. అక్కణ్ణుంచే లెక్క. మరి దీనికి ఆ రాయి ఎక్కడుందేటి?"

హాలంతా గొల్లుమంది. పట్టాల పక్కన బతికినవాళ్ళే చేసే పొరపాటు అది. నవ్వినవాళ్ళలో సగంమంది మనసులోనూ అదే రాయి ఉండుంటుందని ఇప్పుడు నా అనుమానం. ముందు వరసలోంచి ఒకాయన "కూర్చోమ్మా" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ ఆవిడ కొంగు పట్టి లాగాను. అత్త నా చెయ్యి విదిలించేసింది.

"నవ్వండి బాబూ. జవాబు ఇనీదాకా కూకోను."

ప్రొఫెసరుగారు మాత్రం నవ్వలేదు. "ఆ రాయి ఎక్కడా లేదమ్మా. ఎక్కడ నిలబడి చూసినా మిగతావన్నీ మన నుంచే దూరమవుతున్నట్టు ఉంటుంది. నడిమధ్య అనే చోటే లేదు" అన్నారు.

"అచ్ఛా. అయితే ఆ ముందు కుర్చీలు కూడా దానికి దగ్గరేటీ కావన్నమాట" అని అత్త తాపీగా కూచుంది.

ఇంటికొచ్చే దారంతా నేను ఆవిడకి నాలుగడుగులు ముందే నడిచాను. పరువు తీసేసిందని నా ఏడుపు. ఆవిడేమో సంచిలోంచి పల్లీలు తీసి నములుతూ, "ఈసారొస్తే అంచు ఉందో నేదో అడగాల" అంది. ఆయన మళ్ళీ రాలేదు. అత్త పోయి కూడా పదిహేనేళ్ళయింది.

అందుకే మొన్న నేను కూర్చోలేదు. "ఫిజిక్స్ చదవలేదండీ. కానీ ఉంటున్నది విశ్వంలోనే, అడుగుతాను" అన్నాను. మైకు ఇవ్వలేదు. లేకుండానే, హాలంతా వినబడేలా, దీనికి అంచు ఉందా అని అడిగాను. వెలుగు మనదాకా చేరినంత మేరే చూడగలమని, ఆపైన ఎంతుందో, అంచుందో లేదో ఎవరికీ తెలియదని వచ్చినాయన చెప్పారు. ఎవరికీ తెలియదట, ఫిజిక్స్ చదివినవాళ్ళకి కూడా! అత్తకి చెప్పాలనిపించి కళ్ళు నిండాయి. ఆనాడు లాగిన కొంగుని నలభై ఏళ్ళకి వదిలిపెట్టాను. ఆలస్యమే, ఒప్పుకుంటాను. కానీ పద్నాలుగు వందల కోట్ల ఏళ్ళ ఈ విశ్వం కథలో నలభై ఏళ్ళు ఏపాటి?